పొగ దారిలో మెట్టు ఎటు ఉండాలి?

ఉట్నూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పాత పెట్రోల్ జీపులో మహీంద్రా డీఐ డీజిల్ ఇంజన్ దించుతున్నారు. ఇంజన్‌తో వచ్చిన ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఛాసిస్‌కు తగులుతోంది. అందుకని పైపులు వంచి, వెల్డింగ్ పెట్టి కొత్త హెడర్ కట్టిస్తున్నారు. అయితే హెడ్‌లోని పోర్టు కన్నా దొరికిన పైపు నాలుగు మిల్లీమీటర్లు పెద్దది. "రెండు బొక్కలు ఒక్కలెక్క లేకుంటే పికప్ పడిపోతదంటున్నరు. పోర్టును గ్రైండర్‌తో పెద్దగ చెయ్యాల్నా?"

వద్దు. ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా అలాగే ఉండనివ్వండి. అది లోపం కాదు, ఒక రకంగా అదృష్టం. ఎందుకో చెప్పాలంటే పైపులో పరుగెత్తే అల సంగతి చెప్పాలి. నాకు ఇంజన్ మొత్తంలో అంతకన్నా అందమైన విషయం మరొకటి లేదు.

ముందుగా, జీపులో ఉన్న పాత మానిఫోల్డే వాడొచ్చు కదా అనేవాళ్లకు ఒక మాట. పాత మహీంద్రా పెట్రోల్ జీపుల్లో ఉన్నది విల్లీస్ వారి హరికేన్ ఇంజన్. అందులో గాలి లోపలికి వచ్చే వాల్వులు హెడ్‌లో, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. పొగ పోర్టులే హెడ్‌లో లేవు. అందువల్ల ఆ మానిఫోల్డ్‌ను డీఐ హెడ్‌కు సరిపెట్టే ప్రయత్నం మొదలుపెట్టడమే దండగ.

ఇక అల. పిస్టన్ కిందికి పూర్తిగా చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. సిలిండర్‌లో అప్పటికి బయటి గాలి కన్నా కొన్ని రెట్లు ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. తలుపు తీయగానే రెండు బయలుదేరతాయి. ఒకటి పొగ. రెండోది ఒత్తిడి అల. పొగ వెనకబడుతుంది, అల ముందు దూసుకుపోతుంది, ఎందుకంటే అది ధ్వని వేగంతో పోతుంది. మామూలు గాలిలో ధ్వని సెకనుకు సుమారు 350 మీటర్లు. డీజిల్ పొగ వేడిలో అది 500 మీటర్లు దాటుతుంది.

దారి ఉన్నట్టుండి వెడల్పయితే ఆ అల ఏం చేస్తుంది? కాకతీయ కాలువలో ఒక పొంగు వచ్చి దిగువ మానేరు జలాశయంలో పడిందనుకోండి. పొంగు ముందుకు విచ్చుకుపోతుంది, కాలువలో వెనక్కి మాత్రం ఒక పల్లం బయలుదేరుతుంది. పైపులోనూ అంతే. వెడల్పు చోట తగిలిన ఒత్తిడి అల, పీల్చే అలగా మారి వాల్వు వైపు తిరిగి వస్తుంది. ఇరుకు చోట తగిలితే ఒత్తిడి ఒత్తిడిగానే వెనక్కి తన్నుతుంది.

దీన్ని తప్పుగా చెప్పినవాళ్లు చిన్నవాళ్లు కారు. 1930లలో మిషెల్ కాడెనసీ, పొగ ముద్దగా, తుపాకి గుండులా దూసుకుపోయి వెనక శూన్యం మిగులుస్తుందన్నాడు. శూన్యం నిజమే, కారణం తప్పు. పీల్చేది వెళ్లిపోయిన పొగ ముద్ద కాదు, తిరిగొచ్చిన అల అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఆ అలను పూర్తిగా మచ్చిక చేసుకున్నవాడు తూర్పు జర్మనీ ఎమ్‌జెడ్ కంపెనీలో పనిచేసిన వాల్టర్ కాడెన్. ఆయన టూ స్ట్రోక్ రేసు బండ్ల ఉబ్బెత్తు పైపులు ఆ లెక్క మీదే పుట్టాయి. ఇక "ఇంజన్‌కు బ్యాక్ ప్రెషర్ కావాలె" అనే మాట ఇప్పటికీ ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. ఏ ఇంజన్‌కూ అది అక్కర్లేదు. మరీ లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి లాగుడు పడిపోతుంది, దానికి ఈ పేరు పెట్టారు.

ఇప్పుడు మెట్టు దగ్గరికి, అంటే పోర్టుకూ పైపుకూ మధ్య ఉన్న ఆ తేడా దగ్గరికి వద్దాం. పోర్టు 34, పైపు 38 మిల్లీమీటర్లు అనుకుందాం. వైశాల్యం నాలుగో వంతు పెరిగింది. బయటికి పోయే అలలో సుమారు తొమ్మిదో వంతు ఆ మెట్టు దగ్గరే పీల్చే అలగా మారి వాల్వుకు చేరుతుంది. అదే మెట్టును పక్క సిలిండర్ నుంచి ఎదురొచ్చే ఒత్తిడి అల వైపు నుంచి చూడండి. దానికది ఇరుకు దారి. అందులో తొమ్మిదో వంతు ఒత్తిడిగానే వెనక్కి మళ్లుతుంది. ఒకే మెట్టు పోయేదానికి సాయం, వచ్చేదానికి అడ్డు! పైపు చిన్నదై పోర్టు పెద్దదైతే ఈ రెండూ తిరగబడతాయి. పైగా ఆ అంచు పొగకు ఎదురుగా గోడలా నిలబడుతుంది. పికప్ పడిపోతుందన్నవాళ్లు భయపడాల్సింది దానికి.

ఎదురొచ్చే అల ఊహ కాదు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి 180 డిగ్రీలకు ఒకటి పేలుతుంది. ఎగ్జాస్ట్ వాల్వు మాత్రం సుమారు 230 డిగ్రీలు తెరిచి ఉంటుంది. అంటే ఒకటో నంబరు ఇంకా మూయకముందే మూడో నంబరు తెరుచుకుని తన దెబ్బను పైపుల్లోకి వదులుతుంది. పేలే వరుస 1-3-4-2 కనుక, 1ని 4తో, 2ని 3తో జతకట్టి, ఆ రెండు జతలను కాస్త దూరంగా కలిపితే ఈ కొట్లాట చాలావరకు తప్పుతుంది.

మరి పైపు పొడవు? రేసు పుస్తకాల లెక్కలు ఇక్కడ తేవద్దు. 2000 ఆర్‌పీఎం దగ్గర 230 డిగ్రీలు తిరగడానికి 19 మిల్లీసెకన్లు పడుతుంది. అంతసేపట్లో అల పది మీటర్లు తిరుగుతుంది. పోను ఐదు, రాను ఐదు. జీపు మొత్తం పొడవే మూడు మీటర్ల పైచిలుకు! ఏ సెంటీమీటరు కోసం వెల్డర్‌ను సతాయిస్తారు?

సతాయించాల్సింది బొక్కలు ఎదురెదురుగా కూర్చున్నాయా లేదా అన్న విషయంలో. పోర్టు, పైపు రెండూ సరిగ్గా 36 మిల్లీమీటర్లే ఉన్నా, మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగితే దారిలో పదో వంతుకు పైగా మూసుకుపోతుంది. కొలతల ప్రకారం "మ్యాచ్" అయినట్టే, పొగకు మాత్రం కాలేదు. గాస్కెట్ కూడా ఇంతే. దాని అంచు పోర్టులోకి తొంగిచూస్తే మిగతా పనంతా వృథా. హెడ్ మీద ఇంకు రాసి ఫ్లాంజి ఒత్తి, అచ్చు ఎక్కడ పడిందో చూడండి. ఎటో ఒకవైపు మెట్టు తప్పనప్పుడు అది పోర్టు అడుగు వైపు ఉండేలా చూడండి. వంపు తిరిగిన పొగ పై గోడను రాసుకుంటూ పోతుంది, అడుగున ప్రవాహం తక్కువ.

మరో సంగతి వేడి. 45 సెంటీమీటర్ల ఇనుప ఫ్లాంజి 400 డిగ్రీలు వేడెక్కితే రెండు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. హెడ్ అంత వేడెక్కదు, అంత సాగదు. స్టడ్లు విరగడం, గాస్కెట్ ఊదిపోవడం ఇక్కడే మొదలు. చివరి బొక్కలను కోలగా తీసి, వెల్డింగ్ అయ్యాక ఫ్లాంజిని పోర్టుల మధ్య కోసేయండి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్‌టీఏ అనుమతి ఉండాలి, ఆర్‌సీలో నమోదు కావాలి. సైలెన్సర్ లేకుండా తిరగడం ఎలాగూ నేరమే. హెడర్‌కు వేలు ఖర్చుపెట్టి సైలెన్సర్ పీకేసేవాళ్ల మీద నాకు చెప్పలేనంత కోపం. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు కాదు.

కాబట్టి పోర్టు జోలికి పోకండి. పైపు నాలుగు మిల్లీమీటర్లు పెద్దదే వేసి, నడిమధ్యన కూర్చోబెట్టి, పొగ కారకుండా బిగించండి.