పాత ఛాయాచిత్ర ఫైళ్ల మార్పిడిలో తెగులు లక్షణాల పరిరక్షణ

ఫిల్ముపై తీసిన చిత్రాలను, రంగు స్లైడులను కంప్యూటరులో చూచుటకు వీలుగా కోడాక్ సంస్థ 1992లో ఫోటో సీడీ పద్ధతిని ప్రవేశపెట్టినది. వాటిలోని పీసీడీ ఫైళ్లను నేటి సాధారణ ప్రోగ్రాములు అనేకం తెరవలేవు. అందువల్ల పాత తెగుళ్ల చిత్రాలు ఈ రూపంలో ఉన్నచోట వాటిని వేరొక ఫార్మాట్‌లోకి మార్చుట తప్పనిసరి అవుతుంది. అయితే మార్పిడి తరువాత చిత్రం తెరపై కనిపించినంత మాత్రాన అందులోని సమాచారమంతా వచ్చినట్లు భావించరాదు.

సాధారణ ఫోటో సీడీలో ప్రతి చిత్రం ఐదు పరిమాణాలలో లభిస్తుంది. అతి చిన్నది 192×128 పిక్సెళ్లు, అతి పెద్దది 3072×2048 పిక్సెళ్లు. ప్రత్యేకంగా కోరనిదే కొన్ని మార్పిడి ప్రోగ్రాములు మధ్యనున్న 768×512 పరిమాణాన్ని మాత్రమే తీసుకుంటాయి. అనగా పూర్తి చిత్రంలోని పిక్సెళ్లలో పదహారవ వంతు మాత్రమే మిగులుతుంది. తెరపై చిత్రం చక్కగానే కనిపించుట వలన లోపం బయటపడదు. డిస్కును పారవేసిన తరువాత తెలిసినా ప్రయోజనం ఉండదు.

వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులును ఉదాహరణగా తీసుకొనవచ్చును. ముందుగా వచ్చే ఆకుమచ్చలో గోధుమరంగు మచ్చ చుట్టూ స్పష్టమైన పసుపు వలయం ఉంటుంది. ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ ఆకు అడుగుభాగాన నల్లగా ఉండి, వలయం లేకుండా గాని, అస్పష్టంగా గాని కనిపిస్తుంది. ఆకు పైభాగాన్ని మాత్రమే తీసిన చిత్రంలో ఈ పసుపు వలయమే ముఖ్యమైన ఆధారం. దూరం నుండి తీసిన చిత్రంలో దాని వెడల్పు రెండు మూడు పిక్సెళ్లకు మించకపోవచ్చును.

జేపెగ్ పద్ధతి సరిగ్గా ఇటువంటి చోటనే దెబ్బతీస్తుంది. అది ప్రకాశాన్ని, రంగును వేరుచేసి, సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు విలువను ఉంచుతుంది. పిమ్మట 8×8 పిక్సెళ్ల గళ్లుగా విభజించి సూక్ష్మ భేదాలను తొలగిస్తుంది. మానవ నేత్రం రంగులోని సూక్ష్మ భేదాలను అంతగా గుర్తించదు కనుక పెళ్లి ఫోటోలకు ఇందువల్ల నష్టమేమీ లేదు. తెగులు చిత్రంలో మాత్రం పసుపు వలయం చుట్టూ ఉన్న ఆకుపచ్చలో కలిసిపోయి, మొదటి రకం మచ్చను రెండవదిగా పొరబడే అవకాశం ఉన్నది. పీసీడీలోనే రంగు సమాచారం ప్రకాశం కంటే తక్కువ సూక్ష్మతతో నిల్వ ఉంటుంది కనుక దానిపై మరొక నష్టాన్ని చేర్చుట తగదు.

కావున మొదట డిస్కులోని ఫైళ్లను యథాతథంగా నకలు తీసి, పిదప అతి పెద్ద పరిమాణం నుండి టిఫ్ లేదా పీఎన్‌జీ రూపంలోకి మార్చవలెను. ఇప్పటికే జేపెగ్‌గా ఉన్న చిత్రాన్ని టిఫ్‌గా మార్చినచో పోయిన వివరాలు తిరిగి రావు. ఇకపై జరిగే నష్టం మాత్రమే ఆగుతుంది. 256 రంగులకు పరిమితమైన జిఫ్ చిత్రాల విషయమూ అంతే. పంట రకం, తేదీ, ప్రదేశం డిస్కు పెట్టెపై మాత్రమే వ్రాసి ఉన్నట్లయితే, మార్పిడి రోజుననే ఫైలు పేరుతో జతచేసి పట్టికలో నమోదు చేయవలెను.

మార్చిన చిత్రాల పిక్సెల్ కొలతలు సరిచూచి, కొన్నింటిని అసలు పరిమాణంలో తెరచి, మచ్చల అంచులను పాత ఫైలుతో పోల్చి చూచువరకు డిస్కులను భద్రపరచవలెను.