కారు సర్వీసుకు ముందే డబ్బు కట్టాలా?

కొత్త కారు కొనేటప్పుడు డీలరు, "నాలుగేళ్ల సర్వీసుకు ఇప్పుడే కట్టేయండి" అంటాడు. సంతకానికి ముందు ఒక్క లెక్క వేయండి.

మొదటి సర్వీసులకు సాధారణంగా కూలీ ఎలాగూ ఉచితమే. ఆయిలుకు, ఫిల్టరుకే డబ్బు. కారుతో ఇచ్చే పుస్తకంలోని సర్వీసుల పట్టిక చూసి, ఒక్కోదానికి అయ్యే ఖర్చు జీఎస్టీతో సహా రాసుకోండి. మొత్తం 20,000 అయి, ప్లాను 24,000 అయితే ఎవరికి లాభం?

ప్లానుకు ఏళ్లు, కిలోమీటర్లు అని రెండు హద్దులుంటాయి. ఏది ముందు ముగిస్తే అదే ఆఖరు. టైర్లు, బ్యాటరీ, క్లచ్చి చాలావాటిలో చేరవు. హోసూరులో కట్టింది కుప్పంలో చెల్లుతుందా? కారు అమ్మితే కొన్నవారికి బదిలీ అవుతుందా? జవాబు రాతలో తీసుకోండి. ప్లాను సొమ్మును అప్పులో కలిపితే దానికీ వడ్డీ పడుతుంది. లెక్క కుదిరితే కట్టండి, లేకుంటే ఆ డబ్బు నెలనెలా మీరే దాచుకోండి.