ఫోన్లు పదహారు, పోర్టులు రెండు
సూరత్: ఇంటర్నెట్ సేవలలోకి ప్రైవేటు సంస్థలను 1998 నవంబరులో కేంద్రం అనుమతించడంతో, జరీకి, వజ్రాలకు పేరొందిన సూరత్ స్థాయిలోనూ ‘సి’ తరగతి లైసెన్సుకు మార్గం ఏర్పడింది. చిన్న పెట్టుబడిదారుకు ఉచిత లైనక్స్ ఆకర్షణీయమే. అయితే నాటి సాధారణ కంప్యూటరుకు సీరియల్ పోర్టులు రెండే. ఒకేసారి ఇద్దరు ఖాతాదారులకే ప్రవేశం. మల్టీపోర్ట్ కార్డులు ఆ లోటు తీర్చాయి. చౌకరకం కార్డులు ప్రధాన ప్రాసెసరును మాటిమాటికీ ఆటంకపరిచేవి. సొంత ప్రాసెసరు గలవి ఆ భారాన్ని తామే మోసేవి. అంతకన్నా కీలకం డ్రైవరు. తయారీదారు దాని సోర్స్ కోడ్ ఇవ్వకుంటే, కెర్నెల్ మారిననాడు ఖరీదైన కార్డు కూడా మూగబోయే ప్రమాదముండేది. సైక్లేడ్స్ కార్డుల డ్రైవరు లైనక్స్ కెర్నెల్‌లోనే లభించేది. ఇక 56 కె మోడెముల ప్రకటనలు సగమే నిజం: సర్వీసు సంస్థ వైపున మామూలు ఫోను లైనే ఉంటే వేగం 33.6 కిలోబిట్లు దాటేది కాదు.