బోర్డు మీద ఆయన పేరు, మసాలాలో ఆవిడ చేయి

హాట్‌డాగ్ అంటే ‘వేడి కుక్క’ అని నవ్వుకుంటున్నారా? కుక్కకూ దానికీ ఏ సంబంధమూ లేదండీ. మసాలా దట్టించిన మాంసాన్ని గొట్టంలా చేసి, పొడవాటి బన్ను మధ్యలో పెట్టి ఇస్తారు. మనకు మిర్చీ బండి ఎలాగో, అమెరికా వాళ్లకు హాట్‌డాగ్ కొట్టు అలాగన్నమాట. అలాంటి ఒక కొట్టు కథ చదివాక మీతో పంచుకోవాలనిపించింది.

నేథన్ హ్యాండ్‌వర్కర్ 1912లో పోలండ్ ప్రాంతం నుంచి న్యూయార్క్ చేరిన బీదవాడు. కోనీ ఐలాండ్ సముద్రతీరంలో ఫెల్ట్‌మన్ అనే పెద్ద రెస్టారెంటులో బన్నులు కోసే పనికి కుదిరాడు. అక్కడ హాట్‌డాగ్ 10 సెంట్లు. నేథన్ 1916లో 300 డాలర్ల పెట్టుబడితో సొంత కొట్టు పెట్టి, 5 సెంట్లకే అమ్మాడు. ఇంత చౌకగా ఇస్తున్నాడంటే ఏం కలుపుతున్నాడోనని జనం మొదట జంకారట! డాక్టర్లే తింటున్నారు అనిపించేలా తెల్లకోట్ల వాళ్లను కొట్టు ముందు నిలబెట్టాడని చెప్తారు. 1920లో రైలు అక్కడిదాకా వచ్చాక గిరాకీకి తిరుగు లేదు.

మరి ఆ రుచి ఎవరిది? భార్య ఐడాది. వాళ్ల అవ్వ నుంచి వచ్చిన మసాలా పాళ్లే తమ రుచికి మూలమని కంపెనీయే చెప్పుకుంటుంది. ఐడా కొట్లో నిలబడి చాకిరీ కూడా చేసింది. బోర్డు మీద మాత్రం ‘నేథన్స్ ఫేమస్’! కొడుకు మర్రే కాలంలో శాఖలు పెరిగాయి. 1987లో కుటుంబం కంపెనీని అమ్మేసింది. చేతులు మారినా నేథన్ పేరు నిలిచింది. ఐడా పేరు ఎందరికి తెలుసు?

మా ఖానాపూర్‌లోనూ ఇదే ముచ్చట. శనగపిండి కలిపేది, వాము పాళ్లు చూసేది, మిరపకాయలో చింతపండు ముద్ద కూరేది ఇల్లాలు. బండి మీద పేరు ఆయనదో, కొడుకుదో. ఏం చేస్తావమ్మా అంటే, “నేనేం చేస్త, ఊకె సాయం చేస్త” అనేవాళ్లే ఎక్కువ.

అందుకే చెల్లెళ్లూ, ఒక్క మాట. చిన్న బండికైనా ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ ఉండాలి. దాన్ని మీ పేరున తీసుకోండి. బ్యాంకు ఖాతాలో మీ పేరూ చేర్పించండి. మీ పాళ్లు ఒక నోటుబుక్కులో రాసి, కింద మీ పేరు పెట్టండి. ఆయన మీద నమ్మకం లేక కాదు. రేపు కొట్టు పంచుకునే రోజొస్తే, “ఇందులో అమ్మ వాటా ఏది?” అని పిల్లలు వెతుక్కోకూడదు కదా!