గల్ఫ్ నుంచి కారు రాదు.. కారు పైసలే వస్తయ్!

"అన్నా, ఎట్లాగూ వాపస్ వస్తున్నవ్ గదా, ఆ కారు గూడ తెచ్చుకో రాదే!"

ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికొచ్చే ప్రతి అన్నకూ వాట్సాప్‌లో తమ్ముడి నుంచి వచ్చే మెసేజ్ ఇది. అడగడంలో తప్పేం లేదు. అక్కడ మెరిసిపోతున్న ఎస్‌యూవీ ఫొటోను స్టేటస్‌లో ఏళ్ల తరబడి చూశారు కదా! పైగా అక్కడ సెకండ్ హ్యాండ్ ధరలు వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

మరి నిజంగా తెచ్చుకోవచ్చా? ఓడలో ఎక్కిస్తే ముంబైలో దిగదా? అక్కడి నుంచి నాందేడ్ మీదుగా డోంగ్లికి ఒక రోజు డ్రైవే కదా?

సూటిగా చెప్పాలంటే.. రాదు. ఎందుకు రాదో, ఆ కారును ఏం చేస్తే మీ పైసలు మీకు దక్కుతాయో చూద్దాం.

ముందు మన బార్డర్ సంగతి

కారు ఊరు మారితే ఏమవుతుందో కామారెడ్డి జిల్లాలో అందరికన్నా బాగా తెలిసింది డోంగ్లి వాళ్లకే. 2022లో మద్నూర్ నుంచి విడిపోయి మండలమైన ఈ ఊరు సరిగ్గా అంచున ఉంది. అటు పోతే మహారాష్ట్ర దెగ్లూర్, ఇటు పోతే కర్ణాటక బీదర్ జిల్లా. ఇక్కడ రోడ్డు మీద టీజీ 17తో పాటు ఎంహెచ్ 26, కేఏ 38 నంబర్లు కనిపించడం మామూలే. సంత, చుట్టరికం, పెళ్లి సంబంధం.. అన్నీ మూడు రాష్ట్రాల్లో ఉంటే బండ్లు కూడా మూడు రాష్ట్రాలవే ఉంటాయి.

దెగ్లూర్‌లో కొన్న కారును డోంగ్లిలోనే పెట్టుకుని తిరగాలంటే? మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రం బండి మన దగ్గర 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబర్ తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ కావాలి. కారు మీద లోన్ ఉంటే ఫైనాన్స్ వాళ్ల అంగీకారం కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టి, అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడుక్కోవాలి. రాష్ట్రాలు మారే ఉద్యోగాలు చేసేవాళ్ల కోసం 2021లో బీహెచ్ సిరీస్ వచ్చింది కానీ, అది ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీల వాళ్లకే.

పక్క ఊరి నుంచి వచ్చే కారుకే ఇంత తతంగం ఉంటే సముద్రం దాటి వచ్చే కారుకు ఎంత ఉండాలి?

లగేజీ కాదు బాస్!

చాలామంది అనుకునేది ఇదీ: "పర్మనెంట్‌గా వాపస్ వచ్చేవాళ్లకు సామాన్ల మీద డ్యూటీ మాఫీ ఉంటది గదా, కారు కూడా అందులోనే వస్తది."

మాఫీ ఉన్న మాట నిజమే. ఏళ్ల తరబడి విదేశంలో ఉండి ఇల్లు మార్చుకుని వచ్చేవాళ్లకు ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్ లాంటి వాటి మీద రాయితీ ఉంది. కానీ 1962 నాటి కస్టమ్స్ చట్టంలో 'బ్యాగేజీ' అంటే ఏంటో చెప్పిన చోటే ఒక మాట ఉంది: మోటారు వాహనాలు అందులోకి రావు. అంటే మీ కారు మీకు ఎంత ప్రాణమైనా కస్టమ్స్ దృష్టిలో అది ఇంటి సామాను కాదు, దిగుమతి సరుకు. సరుకుకు ఉండే రూల్సే దానికీ ఉంటాయి.

అసలు అడ్డం స్టీరింగ్ దగ్గరే

పాత కార్ల దిగుమతికి కేంద్రం పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి ఇవి:

• కారు తయారైన తేదీ నుంచి మూడేళ్లు దాటకూడదు.
• స్టీరింగ్ కుడివైపే ఉండాలి.
• స్పీడోమీటర్ కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్ల వెలుగు ఎడమవైపు నడిచే ట్రాఫిక్‌కు సరిపోవాలి.
• ముంబై పోర్టు నుంచి మాత్రమే రావాలి.
• మన రోడ్లకు సరిపోతుందని టెస్టింగ్ ఏజెన్సీ సర్టిఫికెట్ ఉండాలి.

రెండో షరతు మళ్లీ చదవండి. దుబాయ్, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్.. మనోళ్లు పోయే ఈ ఆరు దేశాల్లోనూ బండ్లు రోడ్డుకు కుడిపక్కన నడుస్తాయి. స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. కథ అక్కడితోనే ఖతం! కారు ఎంత కొత్తదైనా, మీరు ఎంత ట్యాక్స్ కట్టడానికి రెడీగా ఉన్నా, ఆ స్టీరింగ్‌తో లోపలికి రానివ్వరు. అమెరికాలో ఉన్న అన్నల కార్లదీ ఇదే పరిస్థితి.

"షెడ్డులో పెట్టి స్టీరింగ్ మార్పిస్తే?" అని తెలివైన ప్రశ్న ఒకటి వస్తుంది. 2025లో హైదరాబాద్ కార్ల వ్యాపారి ఒకరిని డీఆర్ఐ అరెస్ట్ చేసింది సరిగ్గా ఇలాంటి ఆరోపణల మీదే. అమెరికా, జపాన్ నుంచి ఖరీదైన కార్లను దుబాయ్, శ్రీలంక మీదుగా తిప్పి, దారిలో స్టీరింగ్ కుడివైపుకు మార్పించి, ధర తక్కువ చూపించి దింపారన్నది కేసు. కోట్లున్న వాళ్ల వ్యాపారమే అక్కడిదాకా పోతే, మనం ఆ దారిలోకి పోవడం ఎందుకు?

లండన్ కారైతే వస్తదా?

బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్, మలేసియాల్లో స్టీరింగ్ మనలాగే కుడివైపు. కాబట్టి మూడేళ్లలోపు కారైతే కాగితం మీద దారి ఉంది. కానీ లెక్క చూడండి.

పాత కారు మీద కస్టమ్స్ భారం 137.5 శాతం. 2025 బడ్జెట్‌లో పన్నుల పేర్లు మార్చి 70 శాతం బేసిక్ డ్యూటీ, 67.5 శాతం సెస్ అన్నారు. కూడితే మళ్లీ అంతే! దాని మీద ఐజీఎస్టీ. పెద్ద కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం.

ఓడ ఖర్చు, ఇన్సూరెన్స్ కలిపి కారు విలువ 10 లక్షలనుకుందాం. కస్టమ్స్ 13 లక్షల 75 వేలు. అప్పటికి 23 లక్షల 75 వేలు. దాని మీద 40 శాతం, అంటే ఇంకో 9 లక్షల 50 వేలు. మొత్తం పన్నే 23 లక్షల 25 వేలు! పది లక్షల కారు ఇంటికొచ్చేసరికి 33 లక్షలు దాటిపోయింది. "నేను చవకగా కొన్నా" అని బిల్లు చూపిస్తే కూడా కుదరదు. కారు కొత్తప్పటి ధర తీసుకుని, వయసును బట్టి తగ్గించి అధికారులే విలువ కడతారు.

సచిన్ టెండూల్కర్ ఫెరారీ కథ గుర్తుందా? బ్రాడ్‌మన్ 29 సెంచరీల రికార్డును అందుకున్నందుకు బహుమతిగా వచ్చిన కారు అది. దాని మీద డ్యూటీ కోటీ 13 లక్షలు! ప్రభుత్వం మాఫీ చేస్తే దేశమంతా గొడవైంది, వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి కారు ఇచ్చిన కంపెనీయే ఆ డబ్బు కట్టింది. సచిన్ కారుకే తప్పలేదు, మనమెంత!

మరి కేరళలో దుబాయ్ నంబర్ కార్లు?

రీల్స్‌లో చూసే ఉంటారు. కేరళ రోడ్ల మీద అరబిక్ నంబర్ ప్లేట్‌తో కార్లు తిరుగుతుంటాయి. అవి దిగుమతి కాదు, చుట్టపుచూపు. 'కార్నెట్' అనే పత్రం మీద వస్తాయి. ఒకరకంగా కారుకు పాస్‌పోర్ట్ లాంటిదది. కారు రిజిస్టర్ అయిన దేశంలోని ఆటోమొబైల్ క్లబ్ ఇస్తుంది. దానికి డిపాజిట్ గానీ బ్యాంక్ గ్యారంటీ గానీ పెట్టాలి. ఇక్కడ ఆరు నెలల వరకు తిప్పుకోవచ్చు. తర్వాత వాపస్ పంపాల్సిందే. అమ్మకూడదు, కిరాయికి తిప్పకూడదు.

ఇక్కడి నుంచి అటు కూడా ఇదే పద్ధతి. 2022 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ చూడ్డానికి కేరళ వ్లాగర్ నాజీ నౌషి తన మహీంద్రా థార్‌ను ముంబై నుంచి ఒమన్‌కు ఓడలో పంపి, అక్కడి నుంచి దేశాలు దాటుకుంటూ ఖతార్ దాకా నడుపుకుంటూ పోయింది. టూర్‌కు సూపర్! కానీ పర్మనెంట్‌గా వచ్చేవాళ్లకు ఇది పనికిరాదు.

వచ్చే ముందు చేయాల్సింది ఇదీ

ఒక మాట ఒప్పుకోవాలి. కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచి పోయినవాళ్లలో అక్కడ సొంత కారున్నవాళ్లు కొందరే. హౌస్ డ్రైవర్ వీసా మీద పోయి, పదేళ్లు ల్యాండ్ క్రూజర్ నడిపి, ఒక్క టైరు కూడా తనది కాకుండా వాపస్ వచ్చినవాళ్లు బోలెడు మంది. అంత కష్టం మధ్య ఎవరైనా ఒక కారు కొనుక్కున్నారంటే అది మామూలు సంపాదన కాదు. అందుకే దాన్ని వదిలేసే తీరులో నష్టపోవద్దు.

ఆఖరి వారం దాకా ఆగొద్దు. టికెట్ బుక్ అయ్యాక అమ్మితే కొనేవాడికి మీ తొందర తెలిసిపోతుంది. రెండు మూడు నెలల ముందే అమ్మకానికి పెట్టండి.

లోన్ క్లియర్ చేయండి. యూఏఈలో కార్ లోన్ 60 నెలల వరకు ఉంటుంది. సగంలో వచ్చేద్దాం, ఎవరు పట్టుకుంటారు అనుకుంటే పొరపాటు. బ్యాంకు కేసు వేస్తే ట్రావెల్ బ్యాన్ పడొచ్చు. మళ్లీ ఇంకో వీసా మీద పోయినప్పుడు ఎయిర్‌పోర్ట్‌లోనే తెలుస్తుంది. లోన్ కట్టేశాక బ్యాంకు ఇచ్చే క్లియరెన్స్ లెటర్ లేకుండా కారు పేరు మారదు.

దోస్తుకు తాళం చెవి ఇచ్చి రావద్దు. అన్నిటికన్నా ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. "నువ్వు నడుపుకో రా, తర్వాత పైసలు పంపు" అని వచ్చేస్తారు. బండి మీ పేరు మీదే ఉంటుంది. కెమెరా ఫైన్లు, టోల్ బాకీలు మీ ఖాతాలోనే పడతాయి. యాక్సిడెంట్ అయితే ముందు వెతికేది మిమ్మల్నే. ఎంత ప్రాణ స్నేహితుడైనా పేరు మార్చాకే తాళం ఇవ్వండి. సౌదీలో అయితే ఫైనల్ ఎగ్జిట్ కావాలంటే ట్రాఫిక్ జరిమానాలు కట్టి, పేరు మీద బండి లేకుండా చూసుకోవాల్సిందే.

ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు. అమ్మేశాక పాలసీ రద్దు చేయిస్తే మిగిలిన నెలలకు కొంత వాపస్ రావచ్చు. అడగనిదే ఎవరూ ఇవ్వరు.

డబ్బు బ్యాంకు దారిలోనే పంపండి. రేటు రెండు పైసలు ఎక్కువ వస్తుందని హవాలాకు ఇస్తే, రేపు ఇక్కడ అదే డబ్బుతో కారు కొనేటప్పుడు లెక్క చూపలేరు.

ఇంటికొచ్చాక ఒక్క వారం ఆగండి

ఇక్కడ కొత్తదో పాతదో కారు కొన్నారు. వెంటనే ఎక్కి దెగ్లూర్ రోడ్డు మీదికి పోవద్దు. ముందు మీ మన దేశపు లైసెన్స్ తీసి తేదీ చూడండి. గడువు దాటి ఏడాది మించిపోతే మళ్లీ టెస్ట్ ఇవ్వాలి. లైసెన్స్ లేకుండా గుద్దితే ఇన్సూరెన్స్ దగ్గర ఇరుక్కుంటారు.

రెండోది ఇంకా ముఖ్యం. ఏళ్ల తరబడి కుడిపక్కన నడిపిన చెయ్యి, కన్ను ఒక్క రోజులో మారవు. మెయిన్ రోడ్డు మీద ముందు బండిని చూసి బాగానే పోతారు. ఇబ్బంది మలుపు దగ్గర, పొద్దున్నే ఖాళీగా ఉన్న రోడ్డు మీద, పెట్రోల్ బంక్ నుంచి బయటికి వచ్చేటప్పుడు. తెలియకుండానే బండి కుడిపక్కకు పోతుంది. ఎదురుగా పత్తి లోడ్‌తో ట్రాక్టర్ వస్తుంటుంది.

అందుకే మొదటి వారం ఒక్కరే నడపకండి. కారు తెమ్మని మెసేజ్ పెట్టిన ఆ తమ్ముణ్నే పక్కన కూర్చోబెట్టుకోండి. మలుపు వచ్చిన ప్రతిసారీ "అన్నా, ఎడమకు" అని చెప్పడమే వాడి డ్యూటీ.