డాలస్‌కు చలి కబురు వస్తే...

తుపాను హెచ్చరికలు మన తెలుగువాళ్లకు కొత్తేం కాదు. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే, రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారోనని రేడియో దగ్గర చెవులు రిక్కించి విన్నవాళ్లమే. టెక్సస్‌లో స్థిరపడ్డాక మనం నేర్చుకోవాల్సిన హెచ్చరికల భాష మరొకటుంది. అది చలికాలపు తుపానుది.

"డాలస్‌లో చలేముంటుందిలే, షికాగోలో గానీ" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. 1949 తర్వాత అంత చలి అదే. ఆ తుపానుకు రాష్ట్రంలోని 254 కౌంటీలన్నిటికీ వార్నింగ్ జారీ అయింది. 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. రాష్ట్ర ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 246 మంది ప్రాణాలు కోల్పోయారు.

పైన వేడి, కింద చలి

మనదేశంలో ఉత్తరాది చలిగాలికి హిమాలయాలు అడ్డు. ఇక్కడ కెనడా నుంచి టెక్సస్ దాకా అంతా మైదానమే. ఆర్కిటిక్ గాలి జారిందంటే దాన్ని ఆపేదేదీ లేదు. ఆ గాలి బరువు ఎక్కువ కనుక నేలను పట్టుకుని వస్తుంది. దాని మీదుగా గల్ఫ్ నుంచి తేమతో వెచ్చటి గాలి పారుతుంది. పైనుంచి పడే మంచు ఆ వెచ్చటి పొరలో కరిగి నీరవుతుంది. కింద చలిపొర మందంగా ఉంటే ఆ నీరు మళ్లీ గడ్డకట్టి, చిన్న చిన్న పలుకులై రాలుతుంది. దాన్నే స్లీట్ అంటారు. పలుచగా ఉంటే వానగానే పడి, నేలను తాకాక గడ్డకడుతుంది. అది ఫ్రీజింగ్ రెయిన్. అన్నిటికన్నా ప్రమాదం దీనితోనే.

నేల మీది థర్మామీటరు ఈ పొరల సంగతి చెప్పలేదు. అందుకే ఫోర్ట్‌వర్త్‌లోని నేషనల్ వెదర్ సర్వీస్ ఆఫీసు మామూలుగా ఉదయం, సాయంత్రం బెలూన్లు ఎగరేసి పైగాలిని కొలుస్తుంది. దేశంలో ఇలాంటి 122 ఆఫీసుల్లో ఇదొకటి. ఒకటి రెండు డిగ్రీల తేడాతో ఇర్వింగ్‌లో వాన, ఫ్రిస్కోలో ఐసు పడొచ్చు. పది రోజుల ముందే "మనకి ఎనిమిది అంగుళాల మంచు" అంటూ ఫోన్లో వచ్చే బొమ్మ సాధారణంగా ఒక కంప్యూటర్ మోడల్ ఒకసారి వేసిన లెక్క మాత్రమే. దాన్ని మరికొన్ని లెక్కలతో సరిచూశాకే ఆఫీసు తన మాట చెబుతుంది.

ఏ మాటకు ఏ అర్థం

వాచ్ అంటే తుపాను రావచ్చు, సిద్ధం కండి అని. వార్నింగ్ అంటే రావడం దాదాపు ఖాయం, లేదా వచ్చేసింది అని. అడ్వైజరీ వీటికన్నా తక్కువ తీవ్రత. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్ 35డబ్ల్యూ హైవే మీద పేరుకున్నది పలుచటి ఐసు పొరే. 130కి పైగా వాహనాలు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. చలికి సంబంధించిన పేరు కూడా ఒకటి మారింది. పాత విండ్ చిల్ వార్నింగ్‌ను 2024 అక్టోబర్ నుంచి ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్ అంటున్నారు.

2021లో గడ్డకట్టే చలి వస్తుందని రోజుల ముందే చెప్పారు. కరెంటు ఉత్పత్తి, గ్యాస్ సరఫరా ఆ చలికి తట్టుకోలేకపోయాయి. ఆ ఏడాది జూన్‌లో విద్యుత్ కేంద్రాలను చలికి సిద్ధం చేయాలని రాష్ట్రం చట్టం తెచ్చింది. అయినా మన ఇంటి జాగ్రత్త మనదే.

వాచ్ వచ్చిన రోజే మందులు, తాగునీరు, వండకుండా తినగలిగేవి తెచ్చి పెట్టుకుందాం. బయటి కొళాయిలకు గుడ్డ చుట్టి, లోపలి కొళాయిని సన్నటి ధారగా వదులుదాం. వంతెనల కింద కూడా చలిగాలే కనుక అవే ముందు గడ్డకడతాయి. ఆ దారుల్లో ప్రయాణం మానుకుందాం. కరెంటు పోయిందని బొగ్గుల కుంపటి ఇంట్లో పెట్టడం, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూర్చోవడం అస్సలు వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఈ ఒక్క సంగతీ ముందే చెప్పి ఉంచాలి. చలి వేస్తే కుంపటి రాజేయడం వాళ్లకు అలవాటైన పనే కదా!