మన పిల్లిది ఏ ఊరు?

మేము క్లాండాల్కిన్‌లో ఉంటాం. మొన్న స్కూలు నుంచి వచ్చి, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నన్ను మీదే దేశం అని అడుగుతారు. దీన్ని ఎవరూ అడగరేం?"

నాకు జవాబు తోచలేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఇంటి పిల్లులన్నిటికీ మూలం ఆఫ్రికా అడవిపిల్లి జాతి అని 2007లో డీఎన్‌ఏ పరిశోధనలో తేలింది. రైతులు గాదెల్లో ధాన్యం దాచారు. ధాన్యం కోసం ఎలుకలు, ఎలుకల కోసం పిల్లులు వచ్చాయి. ఆవును మనిషి పట్టి మచ్చిక చేశాడు; పిల్లి మాత్రం తనంతట తానే గడప తొక్కింది.

సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ళ నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లి అస్థిపంజరం దొరికింది. ఆ దీవిలో అడవిపిల్లులు లేవు, అంటే ఎవరో పడవలో తెచ్చారన్నమాట! పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళకూడదంటాం గానీ, వాళ్ళు సముద్రమే దాటారు.

యూరప్‌కు ఇంటి పిల్లులు ఉత్తర ఆఫ్రికా నుంచి సుమారు 2,000 ఏళ్ళ క్రితమే వచ్చాయని 2025లో వెలువడిన పరిశోధన చెబుతోంది. 9వ శతాబ్దానికి ఒక ఐరిష్ సన్యాసి తన తెల్లపిల్లి పాంగుర్ బాన్ మీద పద్యమే రాశాడు. మన ఊళ్ళోని గుండ్రటి రాతి గోపురం కూడా అలాంటి ఒక మఠానిదే.

ఇదంతా చెప్పాక అమ్మాయి, "అయితే ఇది ఇప్పుడు ఇక్కడిదేగా?" అంది.

"ఇక్కడిదేనమ్మా, నీలాగే" అన్నాను.